డబ్బు కట్టి కొన్న పెట్టెకు రోజూ అనుమతి దేనికి?

గేమ్ కన్సోల్ మీద మన పత్రికలో వ్యాసం ఏమిటని పెద్దలు కొందరు నొసలు చిట్లిస్తారని మాకు తెలుసు. పారిశుద్ధ్య కార్మికుల మరణాలు, కుల ధ్రువపత్రాల కోసం పొరుగు రాష్ట్రాల్లో మనవాళ్లు పడే తిప్పలు, మూతపడుతున్న తెలుగు బడులు... రాయాల్సినవి బోలెడున్నాయి. అవి రాస్తూనే ఉంటాం. అయితే మన యౌవనస్థులు ఒక ప్రశ్న అడుగుతున్నారు. దానికి నవ్వి ఊరుకోవడం మర్యాద కాదు. ఇంట్లో ఒక్కరే కూర్చుని ఆడుకునే ఆటకు కూడా ఇంటర్నెట్ ఉండి తీరాలని కన్సోల్ కంపెనీ షరతు పెట్టవచ్చా?

పెట్టకూడదన్నది మా అభిప్రాయం. డబ్బు కట్టి కొన్న వస్తువు మీద కొన్నవారికి ఎంత హక్కు మిగిలిందన్న సంగతి ఇందులో ఉంది. ఆ హక్కు తగ్గినప్పుడల్లా ముందుగా దెబ్బ తగిలేది నెట్ సరిగా లేని ఇళ్లకు. అంటే చాలావరకు మన ఇళ్లకు.

మొదట ఒక తేడా చెప్పుకోవాలి. నలుగురు నాలుగు ఊళ్ల నుంచి కలిసి ఆడే ఆటకు నెట్ కావాలి. ఫోన్ మాట్లాడాలంటే సిగ్నల్ కావాలన్నట్టే అది, దానిమీద ఎవరికీ తగాదా లేదు. కొత్త ఆట దించుకోవడానికి, లోపాలు సరిచేసే అప్‌డేట్‌కు కూడా నెట్ కావాలి. సరే. మా అభ్యంతరం వేరే చోట. డిస్కు పెట్టెలోనే ఉంది, ఆట మొత్తం కన్సోల్‌లోకి ఎక్కే ఉంది, ఆడేది ఒక్కరే. అయినా ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్ తల ఊపేదాకా ఆట మొదలవ్వదు. ఈ కాపలా వల్ల ఆటకు ఒరిగేదేమీ లేదు. ఆడేవారి మీద నిఘాకు తప్ప అది దేనికీ పనికిరాదు.

ఇలాంటి కాపలాను ఒక పెద్ద కంపెనీ నిజంగానే పెట్టబోయింది. 2013 మే 21న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించింది. జూన్ 6న దాని నియమాలు బయటపెట్టింది. కన్సోల్ ప్రతి 24 గంటలకు ఒకసారి కంపెనీ సర్వర్‌తో మాట్లాడి తీరాలి. మాట్లాడకపోతే టీవీ చూడొచ్చు, బ్లూరే సినిమా చూడొచ్చు, ఆట మాత్రం ఆడలేరు. మీ ఖాతాతో స్నేహితుడి ఇంట్లో ఆడుతుంటే ఆ గడువు ఒక్క గంటే. ఆట డిస్కును ఇంకొకరికి ఇచ్చేయాలంటే ఆ మనిషి కనీసం 30 రోజులుగా మీ ఎక్స్‌బాక్స్ స్నేహితుల జాబితాలో ఉండాలి. ఒక్కో ఆటను ఒక్కసారే అలా ఇవ్వగలరు. అదీ ఆట విడుదల చేసిన సంస్థ ఒప్పుకుంటేనే.

నెట్ లేనివారి సంగతేమిటని అడిగితే, అప్పట్లో ఎక్స్‌బాక్స్ వ్యాపారానికి అధిపతిగా ఉన్న డాన్ మాట్రిక్ ఇచ్చిన జవాబు సారాంశం ఏమిటంటే, అలాంటివారి కోసం ఎక్స్‌బాక్స్ 360 ఉందని. అది 2005లో వచ్చిన పాత పెట్టె. విందులో వేరే పంక్తి వేసి కూర్చోబెట్టడం అంటే ఏమిటో మన తాతలకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ జవాబు చదివినప్పుడు మాకు ఆ పంక్తే గుర్తొచ్చింది.

అదే జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 ప్రదర్శనలో, తమ ప్లేస్టేషన్ 4కు అలాంటి తనిఖీ ఏదీ ఉండదనీ, పాత డిస్కులు అమ్ముకోవచ్చు, అరువివ్వచ్చుననీ సోనీ చెప్పింది. హాలంతా చప్పట్లు. ధర కూడా మైక్రోసాఫ్ట్ కన్నా 100 డాలర్లు తక్కువ. జూన్ 19న మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది. మొదటిసారి అమర్చుకునేటప్పుడు ఒక్కసారి నెట్ తగిలిస్తే చాలు, ఆ తర్వాత డిస్కు ఆటలు ఎప్పటికీ నెట్ లేకుండా ఆడుకోవచ్చంది. నియమాలు చెప్పడానికీ, తీసేయడానికీ మధ్య రెండు వారాలు కూడా లేవు. కొనేవాళ్లు గట్టిగా వద్దంటే కంపెనీలు వింటాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. సోనీకి మన మీద ప్రేమ కారిపోయి అలా చెప్పిందని కూడా ఎవరూ అనుకోనక్కర్లేదు. పోటీ ఉంది కాబట్టి చెప్పింది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ప్రణాళికలో మంచి కూడా ఉంది. ఒకరు కొన్న ఆటల్ని పదిమంది దాకా కుటుంబ సభ్యులు ఎక్కడినుంచైనా ఆడుకునే వీలు, డిస్కు పెట్టకుండానే ఆడే వీలు కల్పిస్తామన్నారు. తనిఖీ పోవడంతో అవీ పోయాయి. వాటికోసం బాధపడినవారు ఉన్నారు. వాళ్ల బాధ అబద్ధం కాదు. కానీ పదిమందికి పంచే వీలును ఇచ్చే చేయే దాన్ని ఏ రోజైనా వెనక్కి తీసుకోగలదు. స్నేహితుడి చేతిలో పెట్టిన డిస్కును ఎవరూ అలా వెనక్కి లాక్కోలేరు.

ఆ నియమాల్లో ఒక చిన్న వాక్యం మన దేశంలో పెద్దగా ఎవరి కంటా పడలేదు. కన్సోల్ మొదట అమ్మే 21 దేశాల్లోనే పనిచేస్తుందన్న వాక్యం అది. ఆ జాబితాలో భారతదేశం లేదు. జపాన్ లేదు. పోలెండ్ కూడా లేదు. ఆ కన్సోల్ కోసం 'విచర్ 3' అనే పెద్ద ఆటను తయారుచేస్తున్న సీడీ ప్రాజెక్ట్ కంపెనీ ఉన్నది పోలెండ్‌లోనే! తమ ఆటను తమ దేశంలోనే ఆడలేని పరిస్థితి. అమెరికాలో పనిచేసే బాబాయి సెలవులకు వస్తూ మేనల్లుడి కోసం ఆ పెట్టె తెచ్చి ఉంటే, అది ఇంట్లో అలంకారానికి మిగిలేది. నియమం వెనక్కి పోయింది కాబట్టి ఆ గండం తప్పింది. ఎక్స్‌బాక్స్ వన్ మన దేశంలో అమ్మకానికి వచ్చింది 2014 సెప్టెంబరులో.

సరిగ్గా మరుసటి నెల, అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది. అంతకు ముందు ఏడాది అదే తేదీన ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటి బరంపురం ప్రాంతాన్ని కుదిపేసింది. ఒడిశాలో ఉన్న మన పాఠకులకు ఆ రోజుల్ని మేము గుర్తు చేయనక్కర్లేదు. కరెంటే లేనప్పుడు ఆటలేమిటి అంటారేమో. కరెంటు ముందు వస్తుంది. లేదా పక్కింటి జనరేటర్ నుంచి గంటసేపు తీగ లాగుతారు. ఫోన్ టవర్లు, కేబుల్ తీగలు సర్దుకోవడానికి ఇంకా సమయం పడుతుంది. బడి లేదు, బయట కూలిన చెట్లు, ఇంట్లో బెదిరిపోయిన పిల్లలు. ఆ గంటలో వాళ్లు కాసేపు ఆడుకుంటామంటే, 24 గంటలు దాటిపోయింది, కుదరదని పెట్టె చెప్పడాన్ని ఏ తల్లి ఒప్పుకుంటుంది?

తుఫాను దాకా ఎందుకు, మామూలు రోజులే చూద్దాం. ముంబయి కామాటిపురాలో, షోలాపూర్‌లో, కోలారు గనుల పాత లైన్లలో, చెన్నై బోర్డు ఇళ్లలో చాలా కుటుంబాలకు నెట్ అంటే గోడకు తగిలించిన రౌటర్ కాదు. ఇంట్లో ఎవరో ఒకరి ఫోన్. దాని హాట్‌స్పాట్. పొద్దున్నే నాన్న డ్యూటీకి వెళ్తే ఆ ఇంటి ఇంటర్నెట్ కూడా నాన్నతోపాటు బస్సెక్కి వెళ్తుంది. సాయంత్రం ఆయన వచ్చాక ఆ ఫోన్‌లో ముందు అక్క ఆన్‌లైన్ క్లాసు, తర్వాత అమ్మ చిట్టీ డబ్బు పంపడం. ఇలాంటి ఇంట్లో పాత కన్సోల్ ఒకటి ఉండటం వింతేమీ కాదు. పనిచేసే ఇంట్లో పెద్దబాబు కొత్తది కొనుక్కుని పాతది ఇచ్చేస్తారు, లేదా అన్నయ్య మొదటి జీతంతో సెకండ్ హ్యాండ్‌లో కొంటాడు. ఎప్పుడూ నెట్ ఉండాలనే నియమం రాసేవారి ఊహలో ఈ ఇల్లు లేదు. ఉద్దేశపూర్వకంగా తీసేశారని మేము అనడం లేదు. వాళ్లకు అసలు తట్టలేదు.

డేటా లెక్క కూడా చూడండి. 2018లో వచ్చిన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' ప్లేస్టేషన్ 4లో ఒక డిస్కులో పట్టక రెండు డిస్కుల్లో వచ్చింది. దాదాపు 100 జీబీ. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్యాక్‌తో దాన్ని నెట్‌లోంచి దించుకోవాలంటే, ఇంట్లో ఇంకెవరూ ఫోన్ ముట్టుకోకుండా 50 రోజులు పడుతుంది. డిస్కు ఉంటే ఒక సాయంత్రం పని.

ఇక నెట్‌ను గాలీ వానా తెంచని చోట ప్రభుత్వం తెంచుతుంది. యానాం నుంచి గౌతమి వంతెన దాటితే కోనసీమ. 2022 మే 24న, జిల్లాకు అంబేడ్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ఆ తర్వాత రోజుల తరబడి జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. తగలబెట్టినవారికీ, ఆ పేరును గుండెల్లో పెట్టుకున్న పేటల పిల్లలకూ ఒకే శిక్ష. ఇంటినుంచి పనిచేసే ఉద్యోగులు సిగ్నల్ అందే చోటు వెతుక్కుంటూ లాప్‌టాప్‌లు పట్టుకుని తిరిగారు. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో తెగిన 4జి పూర్తిగా తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. మణిపూర్‌లో 2023 మేలో ఆపిన నెట్ నెలల తరబడి రాలేదు. చర్చిలు కాలుతున్న ఆ నెలల్లో ఆటల గురించి మాట్లాడటం తూకం తప్పడమే అవుతుంది, మేము ఆ పోలిక తేవడం లేదు. చెప్పదలచింది ఇంతే: నెట్‌ను నిరవధికంగా ఆపకూడదని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పిన తర్వాత కూడా నెట్ ఆపడం రివాజుగా ఉన్న దేశంలో, నెట్ ఉంటేనే కదిలే వస్తువు మన చేతిలో ఉన్నా మనది కాదు.

కంపెనీలు చెప్పే కారణం దొంగ కాపీలు. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ప్లేస్టేషన్ 2 రోజుల్లో మన ఊళ్లలో చిప్ వేయించని కన్సోల్ వెతికినా దొరికేది కాదు. కాపీ డిస్కులు కవర్లలో పెట్టి బహిరంగంగా అమ్మేవారు. ఆట తయారుచేసేవాళ్లు కూడా పనివాళ్లే, వాళ్ల కూలి వాళ్లకు దక్కాలి. ఈ మాట మన యౌవనస్థులకు గట్టిగానే చెబుతున్నాం. అయితే తనిఖీ ఆ దొంగను పట్టుకుంటుందా? చాలాసార్లు కాపీ చేసేవాడు ముందు ఆ తనిఖీనే పీకేస్తాడు. డబ్బు కట్టినవాడే సర్వర్ గుమ్మం ముందు నిలబడతాడు.

కంప్యూటర్ ఆటల్లో ఇది రుజువైంది కూడా. 2013 మార్చిలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ 'సిమ్ సిటీ' విడుదల చేసింది. ఊరు కట్టుకునే ఆట, ఒక్కరే కూర్చుని ఆడేది. ఎప్పుడూ నెట్ ఉండాలన్నారు. విడుదలైన వారంలోనే సర్వర్లు కుప్పకూలి, కొన్నవాళ్లు ఆడలేకపోయారు. కంపెనీ క్షమాపణగా ఇంకో ఆట ఉచితంగా ఇచ్చింది. నెట్ లేకుండా ఈ ఆటను నడపడం సులువు కాదని, దాని నిర్మాణమే అలాంటిదని వాదించింది. ఏడాది తిరిగేసరికి, 2014 మార్చిలో, నెట్ లేకుండా ఆడే వీలును తానే విడుదల చేసింది!

ఇంట్లోకి రావడం గురించి మన లేఖనాల్లో ఒక నియమం ఉంది. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం ఋణస్థుడి ఇంట్లోకి జొరబడకూడదు, బయటే నిలబడాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతుంది. తిరగలి రాయిని తాకట్టుగా తీసుకోకూడదని కూడా అక్కడే ఉంది. బాకీ ఉన్నవాడి గడపకే అంత గౌరవం ఉన్నప్పుడు, పూర్తి ధర చెల్లించి బాకీ లేకుండా కొనుక్కున్నవారి గడప లోపలికి అమ్మినవాడు రోజూ తొంగిచూడటం ఏ లెక్కన న్యాయం?

తొంగిచూడటం అని ఊరికే అనలేదు. ఎక్స్‌బాక్స్ వన్ మొదటి ప్రణాళికలో కైనెక్ట్ అనే కెమెరా, మైకు కూడా తగిలించి ఉంచాల్సిందే. ఆ నియమాలు వెలువడిన వారంలోనే, అమెరికా నిఘా సంస్థ ప్రిజం పేరుతో నడిపిన వ్యవహారం పత్రికల్లో బయటపడింది. జనం ఉలిక్కిపడ్డారు. కెమెరా తప్పనిసరి అన్న షరతును కూడా ఆగస్టులో తీసేశారు.

అంతా పదేళ్ల కిందటి కథ కదా, ఇప్పుడెందుకు? ముందు గుమ్మం నుంచి వెళ్లిన షరతు పెరటి గుమ్మం నుంచి ముక్కలు ముక్కలుగా వస్తోంది కాబట్టి. ఇవాళ ఏ పెద్ద కన్సోల్‌కూ రోజువారీ తనిఖీ లేదు. కానీ డిస్కు పెట్టే చోటే లేని కన్సోళ్లు వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చిన ప్లేస్టేషన్ 5 ధర డిస్కుతో 49,990 రూపాయలు, డిస్కు లేకుండా 39,990. పదివేలు తక్కువ అనగానే మనలాంటివాళ్ల చేయి ఆ రెండోదాని మీదకే వెళ్తుంది. ఆ పదివేలతో పాత డిస్కులు కొనే దారి, నలుగురు డబ్బు పోగేసి ఒక డిస్కు కొని వంతులవారీగా ఆడుకునే దారి, ఆడేశాక అమ్ముకునే దారి అన్నీ మూసుకుపోతాయి. కొత్త ఆట ఒక్కోటి 4,999 రూపాయల దాకా ఉన్నప్పుడు ఇది చిన్న నష్టం కాదు. 2023లో వచ్చిన సన్నని ప్లేస్టేషన్ 5కు డిస్కు డ్రైవ్ విడిగా తగిలించుకోవచ్చు. కానీ దాన్ని మొదటిసారి జతచేయడానికి నెట్ కావాలి. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2లో కొన్ని ఆటలు కార్డు రూపంలో అమ్ముతున్నారు. ఆ కార్డులో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆటను నెట్‌లోంచే దించుకోవాలి. అట్ట మీద ఆ సంగతి రాస్తున్నారు, ఆ మేరకు నయం.

ఆటల్లోకి కూడా అదే షరతు వచ్చేసింది. 2022 మార్చిలో 'గ్రాన్ టురిస్మో 7' సర్వర్లకు మరమ్మతు పేరుతో 30 గంటలకు పైగా ఆట ఆగిపోయింది. ఒంటరిగా కారు నడుపుకునే భాగాలు కూడా చాలావరకు తెరుచుకోలేదు. ఇంకా ఘోరం 'ది క్రూ'. యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన కార్ల ఆట. 2024 మార్చి 31న సర్వర్లు మూసేశారు. డిస్కు బీరువాలో భద్రంగా ఉన్నా, దాన్ని కన్సోల్‌లో పెడితే ఆ ఆట ఇక నడవదు. దానిమీద యూరప్‌లో 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అనే ఉద్యమం లేచింది. 2025 జూలైలో వాళ్ల విజ్ఞప్తి మీద సంతకాలు పది లక్షలు దాటాయి. కాలిఫోర్నియాలో ఒక చట్టం వచ్చింది. అమ్ముతున్నది వస్తువు కాక వాడుకునే అనుమతి మాత్రమే అయితే, ఆ సంగతి కొనేవారికి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదని ఆ చట్టం అంటుంది.

మన దేశంలో ఈ మాట అడగడానికి ఆధారం లేకపోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనల్ని నేరుగా పట్టించుకుంటుంది. కొనేవారిని మభ్యపెట్టే డిజైన్ల మీద 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ఫోన్లు, ట్రాక్టర్లు బాగుచేసుకునే హక్కు గురించి కేంద్రం మాట్లాడుతోంది. వీటికి పక్కన ఈ డిమాండ్ కూడా పెట్టాలని మా కోరిక: కన్సోల్ గానీ ఆట గానీ నెట్ లేకుండా ఎంతవరకు పనిచేస్తుందో అట్ట ముందు భాగంలో, ధర పక్కనే, కంటికి ఆనే అక్షరాల్లో ఉండాలి. ఒక్కరే ఆడే భాగానికి నెట్ తప్పనిసరి చేయకూడదు. సర్వర్ మూసేసే రోజున, కొన్నవాళ్లు ఆ భాగాన్ని ఆడుకునే వీలు వదిలి వెళ్లాలి.

సెకండ్ హ్యాండ్ కన్సోల్ కొనే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, డబ్బు చేతికివ్వకముందే రెండు పనులు చేయండి. ఫోన్ హాట్‌స్పాట్ కట్టేసి, పెట్టెను ఆపి మళ్లీ వేసి, డిస్కు ఆట నడుస్తుందో లేదో అక్కడే చూడండి. పాత యజమాని ఖాతా అందులోంచి తీసేశారా అని అడగండి. కొత్తది కొంటే, నెట్ అవసరం గురించి దుకాణదారు చెప్పిన మాట బిల్లు మీద రాయించుకోండి. మాట ఒకటి, వస్తువు ఇంకొకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఫిర్యాదు తెలుగులోనే చెప్పుకోవచ్చు. బెంగళూరు నుంచి చేసినా, రాయగడ నుంచి చేసినా.